అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ హెడ్ కోచ్‌లు ఎందుకు వెళ్ళిపోతారు, ఎందుకు పంపేస్తారు?

రవికిరణ్ (కాలేజ్ స్టేషన్, టెక్సాస్)

మిత్రులందరికీ నమస్కారం. 2025 సీజన్‌లో ఓడినవారే కాదు, గెలిచినవారు కూడా వరుసగా పదవులు పోగొట్టుకున్న తీరు చూసిన తరువాత ఈ విషయం స్థిమితంగా మాట్లాడుకోవాలని అనిపించింది. సెప్టెంబరు 23న ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం మైక్ గండీని తొలగించింది. ఆయనకు అది అక్కడ హెడ్ కోచ్‌గా 21వ సీజన్. అక్టోబరు 12న పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను, 19న ఫ్లోరిడా బిల్లీ నేపియర్‌ను, 26న ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) బ్రయాన్ కెల్లీని, నవంబరు 2న ఆబర్న్ హ్యూ ఫ్రీజ్‌ను పంపేశాయి. ఫ్రాంక్లిన్ జట్టు అదే సంవత్సరం జనవరిలో ప్లేఆఫ్ సెమీఫైనల్ ఆడింది, ఆగస్టులో దేశంలో 2వ ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టింది. వరుసగా మూడు ఆటలు ఓడిపోగానే పన్నెండో ఏట నడుస్తున్న ఆయన ఉద్యోగం ముగిసింది.

ఓడిపోయారు కనుక తీసేశారు అన్న సమాధానం నాకు చాలదు. నేపియర్‌ను తొలగించింది మిసిసిపీ స్టేట్ మీద గెలిచిన మరునాడు. మా ఊళ్ళో 2023 నవంబరులో జరిగింది మరీ విచిత్రం. జింబో ఫిషర్ నాయకత్వంలో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ అదే మిసిసిపీ స్టేట్‌ను 51-10తో చిత్తు చేసింది, తెల్లవారి ఆదివారం నాడు ఆయనకు ఉద్వాసన పలికారు. అంటే మైదానంలో ఆ శనివారం జరిగినదానికీ ఆ నిర్ణయానికీ సంబంధం లేదు. నిర్ణయం అంతకుముందే మరెక్కడో జరిగిపోయింది. ఆ ‘మరెక్కడో’ ఏమిటన్నదే నా ప్రశ్న. తాముగా వదిలివెళ్ళిన కోచ్‌ల విషయంలోనూ పైకి చెప్పిన కారణం వెనుక మరొకటి ఉంటుందని నా నమ్మకం. మీ మీ విశ్వవిద్యాలయాలలో చూసినదాన్ని బట్టి చెప్పండి.

మాధవి (డల్లాస్)

రవికిరణ్ గారూ, ఒప్పందాలు చదవడమే నా వృత్తి కనుక ఆ వైపు నుంచి మొదలుపెడతాను. హెడ్ కోచ్‌ల ఒప్పందాలలో తొలగింపు రెండు రకాలుగా ఉంటుంది. తగిన కారణం చూపి తొలగిస్తే విశ్వవిద్యాలయం దాదాపు ఏమీ చెల్లించనక్కర్లేదు. కారణం చూపకుండా తొలగిస్తే మిగిలిన కాలానికి చెల్లించవలసిన జీతంలో పెద్ద భాగం ఇవ్వవలసి వస్తుంది. దీన్నే అందరూ బయౌట్ అంటున్నారు. ఆటలు ఓడిపోవడం మొదటి రకం కిందికి రాదు. అందువల్ల ఓటమికి కోచ్‌ను తీసివేయడమంటే అతనికి డబ్బు ఇచ్చి పంపడమే.

ఫిషర్ 2017 డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ వదిలి పదేళ్ళకు 7.5 కోట్ల డాలర్ల హామీతో మీ ఊరు వచ్చారు. 2020లో జట్టు 9-1తో (తొమ్మిది గెలుపులు, ఒక ఓటమి) ముగించి, నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో చోటు కొద్దిలో పోగొట్టుకుంది. ఆ ఉత్సాహంలో 2021లో ఒప్పందాన్ని 2031 దాకా పొడిగించారు. రెండేళ్ళ తరువాత ఆయనను పంపడానికి అయిన ఖర్చు 7.6 కోట్ల డాలర్లకు పైమాటే. అందులో కొంత అరవై రోజులలో ఇవ్వాలి, మిగిలినది ఏటా 70 లక్షల డాలర్లకు పైగా 2031 దాకా చెల్లిస్తూ పోవాలి. ఆయన మరోచోట ఉద్యోగంలో చేరినా ఆ మొత్తం ఒక్క డాలరు కూడా తగ్గదు.

దీనికి భిన్నంగా ఫ్రాంక్లిన్ ఒప్పందంలో, కొత్త ఉద్యోగం వెతుక్కోవలసిన బాధ్యత, ఆ జీతాన్ని మినహాయించే షరతు ఉన్నాయి. తొలగించిననాడు పెన్ స్టేట్ బాకీ దాదాపు 4.9 కోట్ల డాలర్లు. నవంబరులో ఆయన వర్జీనియా టెక్‌లో చేరగానే అది 90 లక్షల దగ్గరకు దిగిపోయింది. ఒక్క షరతు ఉండటానికీ లేకపోవడానికీ నడుమ ఎంత తేడా ఉందో చూడండి.

మరి ఇంత పెద్ద మొత్తాలకు విశ్వవిద్యాలయాలు ఎందుకు సంతకం పెడతాయి? పదిహేడేళ్ళ కుర్రవాణ్ణి జట్టులోకి పిలిచేటప్పుడు అతని తల్లిదండ్రులు మొదట అడిగేది, మా అబ్బాయి చదువు ముగిసేదాకా ఈ కోచ్ ఉంటారా అని. ఒప్పందంలో రెండేళ్ళే మిగిలి ఉంటే పోటీ విశ్వవిద్యాలయం ఆ మాటను ఆ కుటుంబం చెవిన వేస్తుంది. అందువల్ల ఒక మంచి సీజన్ రాగానే గడువు పొడిగిస్తారు. దానికి తోడు, మరోచోట ఖాళీ ఏర్పడిందన్న వార్త రాగానే ఏజెంట్ ఫోన్ చేస్తాడు. అలబామా కోచ్‌గా పేరుపొందిన నిక్ సేబన్‌కూ, ఫిషర్‌కూ, ఒలే మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) కోచ్‌గా ఉన్న లేన్ కిఫిన్‌కూ ఏజెంట్ ఒక్కరే, జిమ్మీ సెక్స్‌టన్. ఒకచోట ఖాళీ వస్తే మరోచోట జీతం పెరగడానికి ఇదొక కారణం. భయంతో రాసిన పొడిగింపే తరువాత తొలగింపును ఖరీదైనదిగా మారుస్తుంది, కానీ ఆపలేదు.

పద్మజ (లింకన్, నెబ్రాస్కా)

మాధవి గారు డబ్బు గురించి చెప్పినది అక్షరాలా నిజం. అయితే అంత డబ్బు లేని రోజులలో కూడా ఇదే పని జరిగింది, దానికి మా ఊరే సాక్ష్యం. ఇక్కడ నెబ్రాస్కా విశ్వవిద్యాలయం మెమోరియల్ స్టేడియంలో 1962 నుంచి ప్రతి ఆటకూ టికెట్లు పూర్తిగా అమ్ముడవుతున్నాయి. టామ్ ఓస్బోర్న్ 25 సీజన్లు కోచ్‌గా ఉన్నారు, ఏ సంవత్సరమూ తొమ్మిది విజయాలకు తగ్గలేదు, మూడు జాతీయ టైటిళ్ళు గెలిచారు. 1997 టైటిల్‌తో విరమించి, తన సహాయకుడు ఫ్రాంక్ సోలిచ్‌కు జట్టును అప్పగించారు.

సోలిచ్ ఆరు సీజన్లలో 58 గెలిచి 19 ఓడారు. 2001 సీజన్‌లో జట్టును జాతీయ ఫైనల్‌కు తీసుకువెళ్ళారు. 2002లో 7-7 అయింది, మరుసటి ఏడు కోలుకుని 9-3 తెచ్చారు. ఆ 9-3 సీజన్ చివరనే, 2003 నవంబరులో, ఆయనను తొలగించారు. కార్యక్రమం సాధారణ స్థాయికి జారిపోనివ్వకూడదన్నది అథ్లెటిక్ డైరెక్టర్ (విశ్వవిద్యాలయ క్రీడా విభాగం అధిపతి) చెప్పిన కారణం. ఆ తరువాత వచ్చిన బిల్ కలహన్ మొదటి సీజన్ 5-6తో ముగిసింది, 35 ఏళ్ళుగా ఏటా బౌల్ ఆట (సీజన్ ముగిశాక మంచి జట్లకు దక్కే ఆట) ఆడుతూ వచ్చిన వరుస తెగిపోయింది. బో పెలీనీ ఏడేళ్ళపాటు ప్రతి ఏడూ కనీసం తొమ్మిది గెలిచారు. 2014లో ఆయననూ పంపేశారు. మైక్ రైలీ 19-19. అటుపైన 1997 టైటిల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) స్కాట్ ఫ్రాస్ట్ సొంత ఇంటికి తిరిగి వస్తున్నాడంటే రాష్ట్రమంతా సంబరపడింది. ఆయన 16 గెలిచి 31 ఓడారు.

ఫ్రాస్ట్‌ను 2022 సెప్టెంబరు 11న, జార్జియా సదర్న్ చేతిలో 45-42తో ఓడిన మరునాడు తొలగించారు. అక్టోబరు 1 దాకా ఆగి ఉంటే చెల్లించవలసిన 1.5 కోట్ల డాలర్లు సగానికి తగ్గేవి. మూడు వారాలు ఓపిక పట్టకుండా ఉండటానికి 75 లక్షల డాలర్లు వదులుకున్నారన్నమాట. ఇది లెక్క తెలియక చేసిన పని అని నేను అనుకోను. ఖాళీ కుర్చీలు, దాతల కోపం, చేరబోయే కుర్రవాళ్ళు మనసు మార్చుకోవడం, ఇవన్నీ కలిసి ఆ నిర్ణయం చేయించాయి. ఇక్కడ కోచ్‌ను తొలగించేది అతని రికార్డు కాదు, ఓస్బోర్న్ రికార్డు. ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి కోచ్‌నూ ఆయన పక్కన నిలబెట్టి కొలిచాం, ఒక్కరూ సరితూగలేదు.

ప్రసాద్ (ఏథెన్స్, జార్జియా)

పద్మజ గారి ఆవేదన అర్థమైంది. ఆమె చెప్పినదానికి పరిశోధన కూడా బలమిస్తోంది. 2013లో సోషల్ సైన్స్ క్వార్టర్లీ పత్రికలో ముగ్గురు రాజనీతి శాస్త్రవేత్తలు 1997-2010 నడుమ జరిగిన కోచ్ మార్పులను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. మరీ అధమంగా ఆడుతున్న జట్లు కోచ్‌ను మార్చినా మార్చకపోయినా దాదాపు ఒకే తీరుగా నడిచాయి. మధ్యస్థంగా ఆడుతూ కోచ్‌ను మార్చిన జట్లు, అదే స్థితిలో ఉండి మార్చని జట్లకన్నా వెనుకబడ్డాయి. సోలిచ్, పెలీనీ తొలగింపులు రెండో కోవకు చెందుతాయి.

అయినా అందరూ ఎందుకు మారుస్తున్నారో మా ఊరి కథ చెబుతుంది. జార్జియా విశ్వవిద్యాలయం 2015లో మార్క్ రిక్ట్‌ను 9-3 సీజన్ చివర పంపించింది. ఆయన 15 సీజన్లలో 145 ఆటలు గెలిచారు, ఆటగాళ్ళ పట్ల ఆయన చూపిన ఆదరణ గురించి ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు ఆ నిర్ణయం నాకు అన్యాయంగా కనిపించింది, ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ ఆయన స్థానంలో వచ్చిన కర్బీ స్మార్ట్ 2021లోనూ 2022లోనూ జాతీయ టైటిళ్ళు తెచ్చారు. 1980 తరువాత అవే మొదటివి. దేశంలోని ప్రతి అథ్లెటిక్ డైరెక్టరూ, ప్రతి దాతా నెబ్రాస్కాను మరిచిపోయి జార్జియాను గుర్తు పెట్టుకుంటారు. సగటు ఫలితం ఏమిటన్నది వారికి అక్కర్లేదు. తమది జార్జియా కావచ్చన్న ఆశ ఒక్కటి చాలు. అలబామాలో సేబన్ సాధించిన ఆరు టైటిళ్ళు ఈ ఆశను ఇంకా పెంచాయి. అంతకు ముందు దశాబ్దంలో అలబామా ఎందరిని మార్చిందో ఎవరూ లెక్కపెట్టరు.

వేణుగోపాల్ (కొలంబస్, ఒహాయో)

తొలగింపుల గురించే మాట్లాడుకుంటున్నాం. తాముగా వెళ్ళినవారి సంగతి చూద్దాం, ఎందుకంటే గత రెండు మూడేళ్ళలో అసలు మార్పు అక్కడే కనిపిస్తోంది.

ఒకప్పుడు కోచ్ స్వయంగా వెళ్ళాడంటే పెద్ద విశ్వవిద్యాలయానికో, వృత్తి ఆటగాళ్ళ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కో హెడ్ కోచ్‌గా వెళ్ళాడని అర్థం. సేబన్ 2004 తరువాత ఎల్‌ఎస్‌యూ నుంచి మయామీ డాల్ఫిన్స్‌కు వెళ్ళారు, అక్కడి నుంచి 2007 జనవరిలో అలబామాకు వచ్చారు. పీట్ క్యారల్ 2010 జనవరిలో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) నుంచి సియాటిల్‌కు వెళ్ళారు, ఆ జూన్‌లో యూఎస్‌సీ మీద కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ శిక్షలు పడ్డాయి. జిమ్ హార్బా 2023 సీజన్‌లో మిషిగన్‌ను 15-0తో జాతీయ విజేతగా నిలిపి, ఆ ఫైనల్ జరిగిన 2024 జనవరిలోనే లాస్ ఏంజెలెస్ ఛార్జర్స్‌కు వెళ్ళిపోయారు. ఆ సీజన్‌లోనే ఆయన రెండుసార్లు సస్పెన్షన్ అనుభవించారు, ప్రత్యర్థుల సంకేతాలు దొంగిలించారన్న ఆరోపణపై అప్పటికి విచారణ సాగుతూ ఉండింది. పైస్థాయి పిలుపూ, కింద పొంచి ఉన్న విచారణా ఒకే సమయంలో ఉన్నప్పుడు ఏది కారణమని తేల్చడం కష్టం. రెండూ కారణాలేనని నా అభిప్రాయం.

ఇప్పుడు చూస్తున్నది వేరు. 2024 జనవరి చివర జెఫ్ హాఫ్లీ బోస్టన్ కాలేజీ హెడ్ కోచ్ పదవి వదిలి గ్రీన్ బే పాకర్స్‌కు డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (రక్షణ వైపు చూసే సహాయక కోచ్‌గా) వెళ్ళారు. కొద్దిరోజులకే చిప్ కెల్లీ యూసీఎల్‌ఏ హెడ్ కోచ్ పదవి వదిలి మా ఒహాయో స్టేట్‌కు ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (దాడి వైపు చూసే సహాయక కోచ్‌గా) వచ్చారు. ఆయన కింద ఒకప్పుడు న్యూ హాంప్‌షైర్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన రయాన్ డే ఇక్కడ హెడ్ కోచ్. అంటే గురువు శిష్యుడి కింద, తక్కువ జీతానికి, చిన్న హోదాకు వచ్చారు. మరుసటి జనవరిలో ఒహాయో స్టేట్ జాతీయ విజేత అయింది.

ఇలా ఎందుకు దిగి వస్తున్నారు? 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. అదే ఏడు నుంచి ఒకసారి విశ్వవిద్యాలయం మారినా ఏడాదిపాటు కూర్చోనక్కర్లేదు. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా ఏటా దాదాపు 2 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్ళకు పంచవచ్చు. ఆటగాళ్ళకు డబ్బు దక్కడం న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. దశాబ్దాలపాటు వారి శ్రమ మీద అందరూ బతికారు. కానీ హెడ్ కోచ్ పని దీనివల్ల మారిపోయింది. పిల్లలకు ఆట నేర్పే కాలం తగ్గి, ఉన్న ఆటగాడు వెళ్ళిపోకుండా బేరమాడే కాలం, దాతల దగ్గర చేయి చాచే కాలం పెరిగాయి. సేబన్ 72 ఏళ్ళ వయసులో, 2024 జనవరి 10న విరమించారు. వయసు, ఓపిక అని కారణం చెప్పారు. తరువాత మాట్లాడినప్పుడు, సీజన్ ముగియగానే తనతో కూర్చున్న ఆటగాళ్ళలో ఎక్కువమంది వచ్చే ఏడు ఆడే అవకాశం గురించీ, వచ్చే డబ్బు గురించీ అడిగారని చెప్పారు. ఆ రెండు మాటలూ కలిపి చదవాలి.

ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. అర్బన్ మేయర్ 2009 డిసెంబరులో ఛాతీ నొప్పితో ఆసుపత్రి పాలయ్యారు, రాజీనామా ప్రకటించి మరునాడే మనసు మార్చుకుని, మరో సీజన్ తరువాత ఫ్లోరిడా వదిలేశారు. గ్యారీ పింకెల్ 2015లో లింఫోమా కారణంగా మిస్సోరీలో విరమించారు. మైక్ లీచ్ 2022 డిసెంబరులో మిసిసిపీ స్టేట్ కోచ్‌గా ఉండగానే కన్నుమూశారు. ఈ వృత్తి శరీరాన్ని ఎంత పిండుతుందో మన చర్చలో తరచుగా మరిచిపోతాం.

శ్రావణి (పరిశోధక విద్యార్థిని)

ఇంతవరకూ చదివాను. అందరూ కోచ్‌ల గురించీ, దాతల గురించీ రాశారు. నేను చదువుతున్న విశ్వవిద్యాలయంలో క్రీడాకారులకు గణాంకశాస్త్రం ట్యూటర్‌గా పనిచేస్తున్నాను కనుక, కోచ్‌ను తీసేసిన వారం ఆ పిల్లలు ఎలా ఉంటారో కొంత తెలుసు. హెడ్ కోచ్ వెళ్ళడం వారికి మొదటి దెబ్బ కాదు. తమను ఇంటికి వచ్చి, అమ్మానాన్నలతో భోజనం చేసి, ఒప్పించి తీసుకువచ్చింది చాలాసార్లు సహాయక కోచ్. ఆయన ఉంటారా లేదా అన్నదే వాళ్ళు ముందు అడుగుతారు. సాధారణంగా ఉండరు. హెడ్ కోచ్‌కు కోట్లలో బయౌట్ ఉంటుంది. సహాయకులలో చాలామందికి ఏడాదో రెండేళ్ళో మిగిలిన ఒప్పందం, పిల్లల బడి మధ్యలో ఊరు మారవలసిన అవస్థ మిగులుతాయి.

ఒక్క పదవీ విరమణ ఎంత దూరం పాకుతుందో 2024 జనవరిలో చూశాం. సేబన్ విరమించారు. అలబామా వాషింగ్టన్ నుంచి కేలెన్ డిబోయర్‌ను తీసుకుంది. ఆయన జట్టు ఆ వారం మొదట్లోనే జాతీయ ఫైనల్ ఆడింది. వాషింగ్టన్ ఆరిజోనా నుంచి జెడ్ ఫిష్‌ను, ఆరిజోనా శాన్ హోసే స్టేట్ నుంచి బ్రెంట్ బ్రెన్నన్‌ను, శాన్ హోసే స్టేట్ కెన్ నియుమాటలోలోను తీసుకున్నాయి. సౌత్ అలబామా హెడ్ కోచ్ కేన్ వోమక్ తన పదవి వదిలి డిబోయర్ కింద కోఆర్డినేటర్‌గా చేరారు. రెండు వారాలు తిరగకముందే అలబామా విశ్వవిద్యాలయం ఉన్న టస్కలూసాలో మొదలైన కదలిక కాలిఫోర్నియా దాకా వెళ్ళింది. ఆ దారిలో ఉన్న ఏ ఆటగాడూ ఏ తప్పూ చేయలేదు.

పాత నియమాల కింద కోచ్ వెళ్ళినా ఆటగాడు వెళ్ళడానికి వీలులేదు, వెళితే ఏడాది ఆట పోయేది. అతను సంతకం చేసింది విశ్వవిద్యాలయానికి, కోచ్‌కు కాదు అనేవారు. ఇప్పుడు కోచ్ మారితే ఆటగాడు కూడా మారడానికి ప్రత్యేక గడువు ఇస్తారు. సేబన్ వెళ్ళాక అలబామా రక్షణ ఆటగాడు కేలెబ్ డౌన్స్ ఒహాయో స్టేట్‌కు వెళ్ళింది ఆ గడువులోనే. వేణుగోపాల్ గారు చెప్పిన బేరాలూ, ఆటగాళ్ళు విశ్వవిద్యాలయం మారే వెసులుబాటూ కోచ్‌లకు భారమే కావచ్చు. అయినా పదేళ్ళ ఒప్పందం మీద సంతకం చేసి నాలుగో ఏట వెళ్ళిపోయే స్వేచ్ఛ కోచ్‌కు ఎప్పటినుంచో ఉంది. ఆ స్వేచ్ఛలో పదో వంతు కుర్రవాళ్ళకు దొరికేసరికి ఆట చెడిపోయిందని అనడం నేను ఒప్పుకోలేను.

సుధీర్ (హనుమకొండ)

నేను ఇక్కడి కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. అమెరికాలో ఉన్న బంధువుల పిల్లలు ఈ ఆటల గురించి చెబుతుంటే ఆసక్తి కలిగి ఈ చర్చ చదువుతున్నాను. రెండు సందేహాలు. విశ్వవిద్యాలయ అధ్యక్షునికన్నా కోచ్‌కు ఎన్నో రెట్లు ఎక్కువ జీతం ఎలా ఇస్తారు, అది ఎవరి డబ్బు? రెండవది, తొలగింపు నిర్ణయం చివరికి ఎవరు చేస్తారు? మా దగ్గర జట్టు ఓడితే కోచ్‌ను అడిగేవారు లేరు, గెలిచినా అడిగేవారు లేరు.

రవికిరణ్ (కాలేజ్ స్టేషన్, టెక్సాస్)

సుధీర్ గారూ, మంచి ప్రశ్నలు. పెద్ద విశ్వవిద్యాలయాలలో క్రీడా విభాగం ఖాతా విడిగా ఉంటుంది. టీవీ హక్కులు, టికెట్లు, దాతల విరాళాలు దాని రాబడి. ఫిషర్ బయౌట్ ఆ విభాగం నిధుల నుంచీ, దాతల సంస్థ నుంచీ చెల్లిస్తామని ఇక్కడ ప్రకటించారు. చిన్న విశ్వవిద్యాలయాలలో మాత్రం విద్యార్థుల ఫీజులో కొంత క్రీడలకు పోతుంది. మన తెలుగు పిల్లలు ఫీజు రసీదులో ఆ పద్దు కనిపిస్తే చూసుకోవచ్చు.

రెండో ప్రశ్నకు లిఖితపూర్వక సమాధానం, అథ్లెటిక్ డైరెక్టర్ అని. అసలు సమాధానం ఎల్‌ఎస్‌యూలో కనిపించింది. ఫిషర్‌ను మా ఊరికి తెచ్చిన స్కాట్ వుడ్‌వర్డ్ 2019లో ఎల్‌ఎస్‌యూకు వెళ్ళి, 2021లో నోటర్‌డామ్ నుంచి బ్రయాన్ కెల్లీని పదేళ్ళకు 9.5 కోట్ల డాలర్లతో తెచ్చారు. 2025 అక్టోబరు 25న మా జట్టు చేతిలోనే ఎల్‌ఎస్‌యూ 49-25తో ఓడిపోయింది, మరునాడు కెల్లీని తొలగించారు. బాకీ దాదాపు 5.4 కోట్లు. అప్పుడు లూసియానా గవర్నర్ జెఫ్ లాండ్రీ విలేకరుల ముందుకు వచ్చి, తరువాతి కోచ్‌ను వుడ్‌వర్డ్ ఎంపిక చేయబోరని చెప్పారు. మరునాటికి వుడ్‌వర్డ్ కూడా పదవిలో లేరు. కోచ్‌ను నియమించినవారికి అతనితోపాటే కాలం తీరుతుంది. కనుక తన పదవి కాపాడుకోవడానికి అథ్లెటిక్ డైరెక్టర్ కోచ్‌ను ముందే పంపేయాలని చూస్తాడు. బయట ట్రస్టీలు, పెద్ద దాతలు, కొన్ని రాష్ట్రాలలో గవర్నర్లు. నేను మొదట ‘మరెక్కడో’ అన్న చోటు ఇదే.

ప్రసాద్ (ఏథెన్స్, జార్జియా)

దీనికి క్యాలెండర్ కూడా తోడైంది. 2017 నుంచి హైస్కూలు విద్యార్థులు విశ్వవిద్యాలయ జట్టులో చేరడానికి డిసెంబరులోనే సంతకం చేయవచ్చు. ఇప్పుడు దాదాపు అందరూ అప్పుడే చేస్తున్నారు. డిసెంబరు మొదటి వారానికి కొత్త కోచ్ కుర్చీలో లేకపోతే ఒక ఏటి పిల్లలందరూ చేజారిపోతారు. అందువల్ల నవంబరు చివర జరగవలసిన తొలగింపు అక్టోబరుకు, సెప్టెంబరుకు వచ్చేసింది. 2024 నుంచి ప్లేఆఫ్ పన్నెండు జట్లకు పెరిగి జనవరి మూడో వారం దాకా సాగుతోంది. అంటే నియామకాలు ముగిసిన తరువాత కూడా ఇంకా నెలన్నర ఆట మిగిలి ఉంటుంది.

అదే ప్లేఆఫ్ కొందరిని కాపాడింది కూడా. రయాన్ డే 2024 నవంబరు 30న సొంత మైదానంలో మిషిగన్ చేతిలో వరుసగా నాలుగోసారి ఓడారు. కొలంబస్‌లో ఆ ఓటమి ఎంత ప్రమాదకరమో వేణుగోపాల్ గారికి తెలుసు. జాన్ కూపర్ 111 ఆటలు గెలిచీ, మిషిగన్ మీద 2-10-1 రికార్డు (రెండు గెలుపులు, పది ఓటములు, ఒక డ్రా) వల్ల 2001 జనవరిలో పదవి పోగొట్టుకున్నారు. పాత నాలుగు జట్ల పద్ధతిలో డే జట్టు ఆ రాత్రే ఇంటికి వెళ్ళేది. ఎనిమిదో స్థానంలో ప్రవేశించి టైటిల్ గెలిచింది.

వేణుగోపాల్ (కొలంబస్, ఒహాయో)

నిజమే. ఆ డిసెంబరులో ఇక్కడ ఎంతోమంది డే వెళ్ళిపోవాలని బహిరంగంగా అన్నారు, వారిలో కొందరు జనవరి 20న ఆయన కోసం వీధుల్లో కేరింతలు కొట్టారు.

క్యాలెండర్ గురించి మాట వచ్చింది కనుక కిఫిన్ విషయం అడుగుతాను. ఒలే మిస్ 11-1తో ప్లేఆఫ్‌కు సిద్ధంగా ఉండగా ఆయన 2025 నవంబరు 30న ఎల్‌ఎస్‌యూకు వెళ్ళిపోయారు. ప్లేఆఫ్‌లో తానే జట్టును నడుపుతానన్నారు, ఒలే మిస్ ఒప్పుకోలేదు. నా దృష్టిలో విశ్వవిద్యాలయం కొంత మొండిగా వ్యవహరించింది. ఆ ఆటగాళ్ళకు ఆ కోచ్‌తో ఆ ప్రయాణం ముగించే హక్కు ఉంది.

శ్రావణి (పరిశోధక విద్యార్థిని)

వేణుగోపాల్ గారూ, ఆ హక్కును ముందు కాలదన్నింది వెళ్ళిన కోచ్ కాదా? అదే ప్లేఆఫ్‌లో జాన్ సమ్రల్ ఫ్లోరిడా పదవికి ఒప్పుకుని కూడా టులేన్ జట్టును నడిపారు. బాబ్ చెస్నీ యూసీఎల్‌ఏకు ఒప్పుకుని జేమ్స్ మాడిసన్‌ను నడిపారు. ఆ రెండు చోట్లా ఇబ్బంది రాలేదు, ఎందుకంటే వారు వెళ్ళిన జట్లు పాత జట్టుకు నేరుగా పోటీ కావు. ఎల్‌ఎస్‌యూ, ఒలే మిస్ ఒకే కాన్ఫరెన్స్‌లో (తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమిలో) ఏటా తలపడే జట్లు. పగలు ఒలే మిస్ ఆటగాళ్ళకు శిక్షణ ఇస్తూ రాత్రి వారినే తన కొత్త జట్టుకు పిలిచే అవకాశం ఉన్న మనిషికి తాళాలు ఇవ్వకపోవడం మొండితనం కాదు. ఆయన బదులు పగ్గాలు చేపట్టిన పీట్ గోల్డింగ్ నాయకత్వంలో ఒలే మిస్ మొదటి ఆటలో టులేన్‌నూ, తరువాత జార్జియానూ ఓడించింది. ఆ పిల్లలకు కావలసినది తమతో ఉండే కోచ్.

పద్మజ (లింకన్, నెబ్రాస్కా)

శ్రావణితో నేను ఏకీభవిస్తున్నాను. వెళ్ళకుండా ఉండటానికి కూడా వెల ఉందని చెప్పాలి. పెన్ స్టేట్ పదవి ఖాళీ కాగానే అక్కడ చదువుకుని ఆడిన మా కోచ్ మ్యాట్ రూల్ పేరు వినిపించింది. అక్టోబరు ముగియకముందే ఇక్కడ ఆయన ఒప్పందాన్ని 2032 దాకా పొడిగించారు. అదే నెలలో ఇండియానా కర్ట్ సిగ్నెటీకి కొత్త ఒప్పందం ఇచ్చింది. సిగ్నెటీకి ఇవ్వడంలో తప్పు కనిపించదు, ఆ జట్టు చరిత్రనే ఆయన మార్చారు. మా విషయంలో మాత్రం పెద్ద విజయం రాకముందే, పోతాడేమోనన్న భయానికి ఇచ్చాం. మాధవి గారు మొదట చెప్పినది మళ్ళీ ఇక్కడ జరుగుతోందేమోనని ఆందోళనగా ఉంది. ఈ కొత్త ఒప్పందాలలో కొత్త ఉద్యోగపు జీతం మినహాయించే షరతు ఉందో లేదో మనలాంటివారు తెలుసుకునే దారి ఉందా?

మాధవి (డల్లాస్)

ఉంది, పద్మజ గారూ. నెబ్రాస్కా ప్రభుత్వ విశ్వవిద్యాలయం కనుక ఒప్పందం బహిరంగ పత్రం. రాష్ట్ర చట్టం కింద రాతపూర్వకంగా అడిగితే ప్రతి ఇవ్వాలి, చాలాసార్లు పత్రికలే తెప్పించి పెడతాయి. నోటర్‌డామ్, యూఎస్‌సీ వంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఒప్పందాలు ఇలా దొరకవు. తెరిచాక జీతం అంకె చూసి ఆగిపోకండి. కారణం లేని తొలగింపు అన్న భాగానికి వెళ్ళి మూడు సంగతులు చూడండి: మిగిలిన జీతంలో ఎంత శాతం ఇస్తారు, ఏ తేదీకి అది తగ్గుతుంది, కొత్త జీతాన్ని మినహాయిస్తారా లేదా. ఆ వెంటనే కోచ్ తానుగా వెళితే విశ్వవిద్యాలయానికి ఎంత కట్టాలో ఉండే భాగం చదవండి. ఈ రెండు మొత్తాల నడుమ ఎంత ఎడం ఉందో చూస్తే, సంతకం చేసిననాడు ఎవరు ఎవరికి భయపడ్డారో తెలిసిపోతుంది. పత్రం దొరికితే ఇక్కడే పెట్టండి, నేను చదివి రాస్తాను.